కుట్టుమిషను స్క్రూడ్రైవరు

మా అమ్మాయి రేవతి, గుడివాడ మెకానిక్ ప్రద్యుమ్న మొదటిసారి ఎదురుపడింది మా ఇంటి గేటు దగ్గర. మధ్యలో ఒక చిన్న ఎర్ర బండి ఉంది.

"ఇదేమిటండీ, ఫోటోలో పెద్దగా ఉంది?" అంది రేవతి.

"ఫోటో దగ్గర్నుంచి తీశానండీ."

"ఇది చిన్నపిల్లల బండి."

"పిల్లల ఏటీవీ, నాలుగు చక్రాల చిన్న బండి అని ముందే చెప్పాను కదండీ. చెరువు గట్లు సన్నగా ఉంటాయి, చిన్నది కావాలని మీరే అన్నారు."

"చిన్నదంటే ఇంత చిన్నదా? అసలు నా బరువు మోస్తుందా?"

అతను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. బండిని కాదు, మా అమ్మాయిని.

"మీరు మాత్రం ఎంత పెద్దవాళ్ళండీ," అన్నాడు.

రేవతి పొట్టిదే. ఆ మాట ఎవరన్నా ఊరుకోదు. కానీ ఆ రోజు ఎందుకో నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. అప్పుడే నాకు గుండె దడ మొదలైంది.

మాది నాగాయలంక. మా ఆయన లక్ష్మయ్య పడవ మీద వేటకి వెళ్తారు. నేను ఏడో తరగతి దాకా చదివి ఆపేశాను, బట్టలు కుడతాను. దివిసీమకి ఉప్పెన వచ్చి నెల తిరక్కుండా పుట్టాను. నా భయం మా అమ్మ పాలతోనే వచ్చిందని ఆయన అంటారు. అల్పపీడనం అని టీవీలో వింటే నేను బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కిస్తాను. "నువ్వు భయపడ్డవన్నీ జరిగుంటే మన ఊరు ఈపాటికి మ్యాపులో ఉండేది కాదు," అని నవ్వుతారు.

రేవతిది రొయ్యల చెరువుల నీళ్ళు టెస్టు చేసే పని. డిగ్రీ చదివి, బజార్లో ఒక గదిలో సొంతంగా ల్యాబ్ పెట్టుకుంది. రోజూ చెరువుల చుట్టూ తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తుంది. పోయిన వానల్లో స్కూటీ గట్టు మీద జారి చెరువులో పడింది. నడుం దాకా బురదతో, చేతిలో సీసా మాత్రం ఒలక్కుండా పట్టుకుని నవ్వుతూ ఇంటికొచ్చింది. నేను మూడు రోజులు అన్నం తినలేదు.

అందుకని నాలుగు చక్రాలది కొంటానంది. ఏదో మూతపడ్డ రిసార్టులో పిల్లలు తిరిగిన బండిని ఈ ప్రద్యుమ్న కొని, బాగుచేసి అమ్ముతున్నాడట.

"రెండు చక్రాలది పడితే పక్కకి పడుతుంది," అన్నాను నేను. "నాలుగు చక్రాలది తిరగబడితే మీద పడుతుంది. అప్పుడో?"

"పిన్నిగారూ, మీరేం భయపడకండి," అన్నాడు ప్రద్యుమ్న. నన్ను బండి దగ్గరికి పిలిచి, బొటనవేలితో నొక్కే రేజు, అదే యాక్సిలరేటరు, దాని పక్కన ఒక చిన్న స్క్రూ చూపించాడు. "పిల్లలు స్పీడుగా పోకుండా కంపెనీవాళ్ళే పెడతారు దీన్ని. లోపలికి తిప్పితే స్పీడు తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. ఇప్పుడు సగానికి పెట్టాను."

"సగమంటే ఎంత?"

"సైకిలు కంటే కాస్త ఎక్కువండీ."

సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఆ సాయంత్రం రేవతి మా సందులో ఒక చుట్టు తిరిగింది. బండి బాగానే పోయింది. నాకే ప్రాణం పోయింది. అది ల్యాబ్‌కి వెళ్ళగానే నా కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాను. స్క్రూని ఒక చుట్టు లోపలికి తిప్పాను. చెరువు గుర్తొచ్చింది, ఇంకో చుట్టు తిప్పాను. లారీలు గుర్తొచ్చాయి, మరో చుట్టు. ఇక తిరగనని అది మొరాయించేదాకా తిప్పి, పైట కొంగుతో తుడిచి, వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను.

తెల్లారి బండి స్టార్ట్ అయింది. కదల్లేదు.

రేవతి ఫోను స్పీకర్లో పెట్టి మరీ దులిపేసింది. "మీరు నాకు అమ్మింది బండా, టేబుల్ ఫ్యానా? శబ్దం వస్తోంది, గాలి వస్తోంది, ఉన్నచోటే ఉంటోంది."

"న్యూట్రల్‌లో ఉందేమో చూడండి."

"గేరు వేసే ఉంది."

"హ్యాండ్ బ్రేకు?"

"తీసే ఉంది. చేత్తో తోస్తే కదుల్తోంది. రేజు నొక్కితేనే కదలడం లేదు. నిన్న వస్తువు అమ్మి, ఇవాళ మాటలు అమ్ముతున్నారా?"

"వస్తున్నానండీ," అన్నాడు.

గుడివాడ నుంచి మా ఊరికి రావాలంటే పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ అన్నీ దాటాలి. భోజనాల వేళకల్లా గేటు ముందున్నాడు.

బండి ముందు గొంతుక్కూర్చుని ఇంజను ఆన్ చేశాడు. బొటనవేలితో రేజు నొక్కాడు. ఆ స్క్రూ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు, రెప్పపాటు కాలం. నేను తలుపు మీది క్యాలెండరులో తిథి చూస్తున్నట్టు నిలబడ్డాను.

"ఏమైంది?" అంది రేవతి.

"చైన్ చూడాలండీ," అన్నాడు.

చైన్ మీది కవరు విప్పాడు, చూశాడు, బిగించాడు. క్లచ్ అన్నాడు, ఇంజను చల్లారాలన్నాడు. చల్లారేలోపు రేవతి మా గోడ అవతలివాళ్ళకి కూడా వినపడేలా, "పని రాకపోతే రాదని చెప్పాలండీ," అంది.

"రాదని ఒప్పుకుంటే మళ్ళీ రానిస్తారా?"

"ఎందుకు రానిస్తాం?"

"అయితే ఒప్పుకోను."

తప్పు నాది, తిట్లు ఆ అబ్బాయికి. చెప్పేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను. చెప్తే కూతురు స్క్రూ వదిలించి గట్టెక్కుతుంది, గట్టు మీంచి చెరువులోకి. వెనక్కి వచ్చేశాను. భోజనానికి మాత్రం పిలిచాను.

"మావాళ్ళు చేపలు తినరండీ," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లు. తాతగారు కూడా బడిపంతులే. మా ఇంట్లో సుద్దముక్క కాకుండా స్పానరు పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే."

"మరి మా ఇంట్లో చేపల వాసన. నీకు పడదేమో బాబూ."

"నా చేతులకి గ్రీజు వాసనండీ. మీకు పడుతుందా?"

మామిడికాయ పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. ఎదురుగా రేవతి బొమ్మిడాయిల పులుసు కలుపుకుంటూ, "మీ బండిలాగే ఉన్నారు. కూర్చున్నచోటు నుంచి కదలరు," అంది.

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. గేటు తీస్తూనే, "బాగున్నారా అత్తయ్యగారూ," అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. "మొదటిరోజు పిన్నిగారూ అన్నాడు. ఇవాళ అత్తయ్యగారూ అంటున్నాడు."

ఆయన వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "పిన్ని కూతురు ఏమవుతుందో దారిలో ఎవరో చెప్పుంటారు."

"మీకు నవ్వులాటగా ఉంది. వాళ్ళు పంతుళ్ళు. మనం చేపలు పట్టేవాళ్ళం. వాళ్ళమ్మ ఏమంటుందో. అసలు ముందు మన పిల్ల ఏమంటుందో. అదెప్పుడూ తిడుతూనే ఉంది."

"నువ్వు నన్ను పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు తిట్టావు. నేను ఎక్కడికైనా పోయానా?"

ఆ రోజు ప్రద్యుమ్న వెనక చక్రాలు విప్పి మళ్ళీ పెట్టాడు. కార్బొరేటరు కడిగాడు. రేవతి పక్కన స్టూలేసుకుని, ఒక్కో నట్టు చేతికందిస్తూ, ఒక్కో నట్టుకీ ఒక మాట అంది. అతనికి పన్నెండు నెంబరు స్పానరు కావాలంటే పద్నాలుగు ఇస్తుంది. అతను అదే తీసుకుని, పక్కన పెట్టి, మళ్ళీ చెయ్యి చాపుతాడు. అలా ఎంతసేపు చాపాడో, ఇది ఎంతసేపు ఇవ్వలేదో. నేను కిటికీలోంచి చూస్తూ పోపు మాడ్చాను.

మూడోసారి వచ్చిన రోజు బంగాళాఖాతంలో వాయుగుండం. నేను అప్పటికే బియ్యం అటకెక్కించాను. పదింటికల్లా వాన అందుకుంది. ప్రద్యుమ్న బండిని వసారా కిందికి తోసేలోపే తడిసిపోయాడు. రేవతి గొడుగు తెచ్చింది. తెచ్చి బండికి పట్టింది.

"గొడుగు బండికి పట్టారేమిటండీ?"

"ఇంజన్లోకి నీళ్ళు పోతే బాగయ్యేసరికి ఇంకో నెల పడుతుంది. మీరు ఇంకో నెల తిరుగుతారు."

"అయితే ఆ గొడుగు తీసెయ్యండి," అన్నాడు.

రేవతి తియ్యలేదు. గొడుగు కాస్త పక్కకి వాల్చింది. సగం బండి మీద, సగం అతని మీద. దాని భుజం తడుస్తోంది, జ్వరం వస్తుందని అరవబోయి ఆగిపోయాను. దాని మొహం చూశాను. పాతికేళ్ళలో నేను ఆ మొహంలో అంత నెమ్మది చూడలేదు.

ఆ రోజు కూడా బండి కదల్లేదు. వెళ్ళేముందు అతను ఒక్కడే చైన్ కవరు దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

ఆ తర్వాత శనివారం భోజనం దగ్గర రేవతి ప్లేటులో వేళ్ళు ఆడిస్తూ చెప్పింది. "భీమవరంలో ఒక పెద్ద ల్యాబ్ వాళ్ళు ఉద్యోగానికి పిలుస్తున్నారు. సోమవారం చేరమన్నారు."

"భీమవరమా? నీ ల్యాబ్ ఏమవుతుంది?" అన్నాను.

"బండి లేకుండా ఇక్కడ ఎన్ని చెరువులని తిరగను? రేపు సాయంత్రం లోపు అది కదిలితే ఉంటాను, ఆ మెకానిక్‌కీ ఫోన్లో ఇదే చెప్పాను. కదలకపోతే ఆ బండి గుడివాడకి, నేను భీమవరానికి. ఇంక ఆయన మొహం కూడా చూడను."

ఈ చివరి మాట నా వంక చూసే అంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఊరు కాని ఊరు, హాస్టలు తిండి, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. నా భయాలు వరసగా వచ్చి కూర్చున్నాయి. వాటన్నిటి వెనకాల ఒకటి కొత్తది నిలబడింది. ఆ గొడుగు కింద చూసిన మొహం మళ్ళీ చూడలేనేమోనని. పిల్ల పడిపోకుండా చూద్దామని నేను తిప్పిన స్క్రూ, పిల్లనే ఊరు దాటిస్తోంది.

ఆదివారం పొద్దున్నే రేవతి స్కూటీ మీద దగ్గర చెరువులకి వెళ్ళింది. స్క్రూడ్రైవరు తీసుకుని బండి దగ్గర కూర్చున్నాను. తిప్పినన్ని చుట్లూ వెనక్కి తిప్పాను, ఇంకా రెండు ఎక్కువే. దేవుడికి దణ్ణం పెట్టి, ఎక్కి కూర్చుని, బటన్ నొక్కాను. ఇంజను మోగింది. రేజు నొక్కితే అంతకుముందు ఎప్పుడూ లేనంత రంకె వేసింది. జామచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

బండి కదల్లేదు.

ఇంకా నొక్కాను. ఇంకా గోల. ఉన్నచోటే ఉంది. స్క్రూ బిగించి బిగించి లోపలేదో నిజంగానే విరగ్గొట్టానని అర్థమైంది. ప్రద్యుమ్నకి ఫోను చేశాను.

"బాబూ, నువ్వొకసారి రాగలవా?"

"వస్తున్నా అత్తయ్యగారూ. ఇప్పటికే చల్లపల్లి దాటాను," అన్నాడు.

అతనూ రేవతీ గేటు దగ్గరికి ఒకేసారి వచ్చారు. గోలకి మా ఆయన వల వదిలేసి వచ్చారు. అందరి ముందూ స్క్రూడ్రైవరు చాపి చూపించాను.

"తప్పు నాది. బండి తెచ్చిన రోజే స్క్రూ మొత్తం బిగించేశాను. ఇతన్ని అనవసరంగా ఇన్ని మాటలు పడనిచ్చాను. ఇవాళ వదిలాను, అయినా కదలట్లేదు. లోపల విరగ్గొట్టాను కాబోలు. రేవతీ, నువ్వు తిట్టాలనుకుంటే నన్ను తిట్టు. అతన్ని మాత్రం వదులుకోకు." చివరి మాట అనాలనుకోలేదు. వచ్చేసింది.

ప్రద్యుమ్న చెప్పులు విడిచి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీరేం విరగ్గొట్టలేదండీ. స్క్రూ బిగిస్తే రేజు అందదు. రేజు అందితే గాని లోపల క్లచ్ పట్టుకోదు. అందుకే ఇంజను ఆడేది, బండి కదిలేది కాదు. మొదటిరోజే చూశాను. స్క్రూ నెత్తి మీద కొత్త గీతలున్నాయి."

"మొదటిరోజే తెలుసా? మరి చెప్పలేదేం?"

"చెప్తే మీకు చిన్నతనం కదండీ."

"మరి ఇప్పుడెందుకు కదలట్లేదు?" అన్నారు మా ఆయన.

ప్రద్యుమ్న చొక్కా జేబులోంచి వేలెడు కూడా లేని ఇనపముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "చైన్ రెండు కొసల్నీ కలిపే లింకు. వాన రోజున నేనే తీశాను. కవరు కింద చైన్ ఊరికే పడుంది."

"ఎందుకు?" అంది రేవతి. ఆ మాటలో తిట్టు లేదు.

"అత్తయ్యగారు మంచివారు. ఏదో ఒకరోజు స్క్రూ వదిలేస్తారని తెలుసు. వదిలితే బండి కదులుతుంది. కదిలితే నాకు ఇక్కడ పనేముంటుంది?"

"పని లేకపోతే రాకూడదా?" అంది మా అమ్మాయి.

ప్రద్యుమ్న లింకుని మళ్ళీ జేబులో పెట్టబోయి, మళ్ళీ తీసి, ఏం చెయ్యాలో తెలీక గుప్పిట మూశాడు.

"స్క్రూ సంగతి నాకూ తెలుసమ్మా," అంది రేవతి నాతో. "రెండో రోజే. నీ మిషను స్క్రూడ్రైవరు బండి సీటు మీదే మర్చిపోయావు. తీసి సొరుగులో పెట్టింది నేనే."

"తెలిసి అతన్ని అన్నేసి మాటలన్నావా?"

"ఒక్కసారైనా నీ మీద చెప్తాడేమోనని చూశాను. గోడ అవతలివాళ్ళు వినేలా తిట్టినా చెప్పలేదు. తన పని మీద మచ్చ పడినా నీ పేరు ఎత్తలేదు." రేవతి అతని వంక తిరిగింది. "భీమవరం వాళ్ళకి నిన్ననే రానని చెప్పేశాను. మీరో అమ్మో, ఎవరు ముందు ఒప్పుకుంటారో చూద్దామని ఆదివారం గడువు పెట్టాను. మీరు లింకు కూడా కొట్టేశారని మాత్రం నాకు తెలీదు. అది దొంగతనం."

"దానికి శిక్ష ఏమిటండీ?"

"ఆలోచించాలి. చాలా ఏళ్ళు పట్టేది ఏదైనా."

మా ఆయన గట్టిగా నవ్వేశారు. నాకు మాత్రం ఉన్న భయాల్లో పెద్దది అప్పుడే లేచింది. "మీ అమ్మగారు?" అన్నాను.

ప్రద్యుమ్న ఫోను కలిపి నా చేతికిచ్చాడు. ఆవిడ పేరు ఇందిర. టీచరమ్మ గొంతు, నేను తెలీకుండానే నిటారుగా నిలబడ్డాను.

"వీరమ్మగారా? మావాడి చొక్కాలు ఉతికేది నేనేనండీ. మెకానిక్ జేబులో రోజుకో సామాను ఉంటుంది. వారం నుంచి అదే లింకు. తీసి బల్ల మీద పెడితే మర్నాడు మళ్ళీ ఉతికిన చొక్కా జేబులోకి చేరుతోంది. ఇదేదో నాగాయలంక జబ్బని అప్పుడే అనుకున్నాను."

"మేం చేపలవాళ్ళమండీ," అన్నాను. దాచడం నావల్ల కాదు.

"మేం పప్పులవాళ్ళం. మా వంటింట్లో రెండు పొయ్యిలున్నాయి. పిల్లకి కావలసింది పిల్ల వండుకుంటుంది. నాకున్న భయం వేరు. మీ అమ్మాయి వీణ్ణి బాగా తిడుతుందట కదా, పెళ్ళయ్యాక మానేస్తుందేమోనని."

"మానదండీ," అన్నాను. "ఆ విషయంలో మాత్రం నాకు భయం లేదు."

ఆవిడ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. వచ్చే ఆదివారం భార్యాభర్తలిద్దరూ వస్తామన్నారు.

ప్రద్యుమ్న లింకు బిగించడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. చేతులు తుడుచుకుని స్క్రూ వైపు చెయ్యి పెట్టబోతే, "ఇటివ్వు," అని స్క్రూడ్రైవరు లాక్కున్నాను. కూర్చుని జాగ్రత్తగా తిప్పాను. కాస్త లోపలికి తిప్పి, ప్రద్యుమ్నని రేజు నొక్కి చూడమన్నాను. ఇంకాస్త. బండి చిన్నగా ముందుకు జరిగింది. అక్కడ ఆపాను.

రేవతి ఎక్కి మా సందులోకి తీసింది. ప్రద్యుమ్న పక్కనే నడుస్తున్నాడు. పరుగెత్తక్కర్లేదు, మనిషి పక్కన నడుస్తూ మాట్లాడుకోగలిగినంత వేగం. ఏమంటోందో వినపడలేదు గాని, అతను నవ్వుతున్నాడు కాబట్టి తిడుతోందనే అనుకున్నాను.

సందు చివర తిప్పుకుని వచ్చి నా ముందు ఆపింది. "అమ్మా, మరీ నత్తలా ఉంది. ఇంకో రెండు చుట్లు వదులు."

స్క్రూడ్రైవరు కొంగున ముడేసుకున్నాను.

"అవి పెళ్ళయ్యాక," అన్నాను.